సేవకు పిలుపు అనిపిస్తోంది, ఉద్యోగం వదిలి బి.డి. (పాస్టర్లు చదివే వేదాంత డిగ్రీ)కి వెళ్లాలా? విజయవాడ, గుంటూరు వాళ్లు సలహా చెప్పండి

గవర్నర్‌పేట వాసి:
అందరికీ వందనాలు. నాకు 28 ఏళ్లు. బీకాం అయ్యాక విజయవాడలోనే ఒక ప్రైవేటు బ్యాంకులో లోన్ల సెక్షన్లో చేరాను. మాది సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. ఇంటర్ రోజుల నుంచి సండే స్కూల్లో చెబుతున్నాను, ఇప్పుడు యూత్ సెక్రటరీని కూడా.

పాస్టర్ అవుదామన్న ఆలోచన నాకు చిన్నప్పటి నుంచి ఉన్నది కాదు. పోయినేడు మా సంఘంలో ఒక పెద్దాయన పక్షవాతంతో మంచాన పడ్డారు. పిల్లలు విదేశాల్లో ఉన్నారు. మా పాస్టర్ అయ్యగారు ఊళ్లో లేని రోజు "నువ్వెళ్లి కాసేపు వాక్యం చదివి రా బాబూ" అంటే వెళ్లాను. ఆయనకు మాట పడిపోయింది. నేను కీర్తనలు చదువుతుంటే నా చొక్కా చెయ్యి పట్టుకునేవారు. ఆపితే లాగేవారు, ఇంకా చదవమని. ఆయన ప్రభువు దగ్గరకు వెళ్లిపోయాక కూడా అలాంటి ఇళ్లకు వెళ్లడం నేను మానలేదు. ఇప్పుడు బ్యాంకులో ఫైలు ముందు కూర్చున్నా, సాయంత్రం ఎవరింటికి వెళ్లాలా అనే ఉంటుంది. ప్రార్థనలో కూర్చున్నా అదే.

ఇది నిజంగా పిలుపేనా, టార్గెట్ల టెన్షన్ తట్టుకోలేక వస్తున్న ఆలోచనా? ఆర్డినేషన్ (పాస్టర్‌గా అభిషేకం) దాకా దారి ఎలా ఉంటుంది? ఇంట్లో చెబితే అమ్మ ఏడ్చింది. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు, అప్పటి నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. చెల్లి పెళ్లి చెయ్యాలి, నాకూ సంబంధాలు చూస్తున్నారు. ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పటమట బ్రదర్:
ప్రైజ్ ద లార్డ్ బ్రదర్. నా మాట సూటిగా చెబుతాను. దేవుడు పిలిస్తే మధ్యలో బోర్డులు, డిగ్రీలు దేనికి? పేతురు, యోహాను వలలు వదిలి వెళ్లారు. పౌలు డేరాలు కుట్టుకుంటూ సువార్త చెప్పాడు. మన కాలంలో భక్తసింగ్ గారు విదేశాల్లో ఇంజనీరింగ్ చదివి వచ్చిన మనిషి. ఏ మిషన్ జీతం మీదా ఆధారపడకుండా ఈ దేశమంతా ఎన్ని సంఘాలు నిలబెట్టారో చూడండి. మా సంఘంలో పెద్దలు ఉపవాసముండి, ప్రార్థించి, తల మీద చేతులుంచి సేవకు నిలబెడతారు, అంతే. మీరు మా దగ్గరకు వచ్చి ఒకసారి కూర్చోండి. నాలుగేళ్లు పుస్తకాల్లో పోగొట్టుకోవద్దు.

బ్రాడీపేట అక్క:
తమ్ముడూ, నేను పాస్టర్ గారి కూతుర్ని, పాస్టర్ గారి భార్యని. మాది గుంటూరు లూథరన్ సంఘం. పిలుపు సంగతి పెద్దలు చెబుతారు, నేను ఇంటి సంగతి చెబుతాను.

సంబంధాలు చూస్తున్నారన్నావు. అమ్మాయి వాళ్లకు "బ్యాంకు ఉద్యోగం" అని చెప్పి పెళ్లయ్యాక సేవ అనకు. మా ఇళ్లల్లో అలా జరిగిన పెళ్లిళ్లు చూశాను, ఆ పిల్ల పడే బాధ ఇంకెవరికీ వద్దు. మొదటి మాటల్లోనే చెప్పు. పాస్టర్ గారి ఇంట్లో ఉండటం అంటే ఏంటో ఆ అమ్మాయికి తెలియాలి. ఇల్లు సంఘానిది. ట్రాన్స్‌ఫర్ వస్తే పిల్లల స్కూలు మధ్యలో మారుతుంది. రాత్రి పూట ఫోన్ మోగితే ఎవరో పోయారనే అర్థం, ఆయన బైక్ తీస్తారు, నేను తలుపు వేసుకుని ప్రార్థన చేస్తూ కూర్చుంటాను. ఆడవాళ్లు తమ కష్టాలు అయ్యగారికి చెప్పరు, వంటింట్లోకి వచ్చి నాకు చెబుతారు. మొగుడు కొట్టిన సంగతి, కూతురు ఎవరితోనో వెళ్లిపోయిన సంగతి. పొయ్యి మీద పప్పు మాడుతున్నా కదలడానికి ఉండదు. అందులో ఒక్క మాట బయటకు పొక్కినా ఆ ఇల్లు మళ్లీ మన గడప తొక్కదు.

జీతం గురించి కూడా కళ్లు తెరుచుకునే వెళ్లు. పెద్ద సంఘాల్లో పర్వాలేదు. పల్లె సంఘాల్లో మిరప ధర పడిపోతే కానుకలు పడిపోతాయి. మాకు నెలలు నెలలు ఆగిన రోజులున్నాయి. అయినా అడిగితే మళ్లీ ఇదే ఇంట్లో ఉంటానంటాను. కానీ అది నేనై నేను చెప్పాలి, నా తరఫున ఇంకొకరు చెప్పకూడదు. నీకు కాబోయే అమ్మాయికీ అంతే.

దివిసీమ అయ్యగారు:
బాబూ, నేను రిటైరైన ప్రెస్బిటరుని, అంటే పూర్తి ఆర్డినేషన్ పొందిన పాస్టర్‌ని. నీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను.

మన సి.ఎస్.ఐ.లో నీ పేరు కింద నుంచి రావాలి. మీ అయ్యగారు, పాస్టరేట్ కమిటీ సిఫారసు చేయాలి. తర్వాత డయాసిస్ (బిషప్ గారి పరిధిలోని సంఘాలన్నీ) బోర్డు పిలిచి మాట్లాడుతుంది. ఎంపిక చేస్తే బి.డి.కి పంపుతుంది. అది ముగిశాక అనుభవమున్న గురువు దగ్గర పని నేర్చుకోవాలి. తర్వాత బిషప్ గారు ముందు డీకనుగా, మరికొంత కాలానికి ప్రెస్బిటరుగా చేతులుంచి అభిషేకిస్తారు. వయసు నిబంధన, మధ్యలో ఎంత గడువు అనేవి ఒక్కో డయాసిస్‌లో ఒక్కోలా ఉంటాయి. మన కృష్ణా-గోదావరి డయాసిస్ ఆఫీసు విజయవాడలోనే ఉంది కాబట్టి స్వయంగా వెళ్లి కనుక్కో.

ఇక మొదటి ప్రశ్న. సమూయేలు దేవుడి స్వరం విని ఏలీ దగ్గరకు పరుగెత్తాడు. అది దేవుడి పిలుపని గుర్తుపట్టింది పిల్లవాడు కాదు, చూపు మందగించిన ముసలాయన. నీ పిలుపు నీకంటే ముందు ఇంకొకరికి కనిపించిందా అని అడుగుతాను. మీ అయ్యగారు నిన్నే ఎందుకు పంపారు ఆ ఇంటికి? యూత్‌లో బాగా పాడేవాళ్లు, బాగా మాట్లాడేవాళ్లు ఇంకా ఉండి ఉంటారు కదా. ఆ మాట ఆయన్నే అడుగు.

పటమట సోదరుడు చదువెందుకన్నారు. ఆయన ఆసక్తిని నేను కాదనను. నా అనుభవం ఒకటి చెబుతాను. 1977 నవంబరు 19 ఉప్పెన వచ్చినప్పుడు నేను కుర్ర డీకనుని, దివిసీమకు పంపారు. బురదలో గుంటలు తవ్వి వరసగా పూడుస్తున్నారు. ఎవరిది ఏ మతమని అడిగే ఓపిక ఎవరికీ లేదు. ఒకామె నా దగ్గరకొచ్చి, "నా కొడుకు పేరు గట్టిగా చెప్పి ప్రార్థన చెయ్యండయ్యా" అంది. ఏ గుంటలో ఉన్నాడో ఆమెకూ తెలియదు. నేను ఆ పేరు చెప్పి ప్రార్థించాను. ఆ రోజు చేతిలో పుస్తకం లేదు, ఉన్నా తడిసిపోయేది. సెమినరీలో తెల్లవారుజామున లేపి చదివించిన కీర్తనలు నోటికి ఉన్నాయి కాబట్టి చెప్పగలిగాను. నాకు సొంత మాటలు రాని చోట ఆ చదువే నిలబెట్టింది.

మంగళగిరి టీచర్:
అయ్యగారికి వందనాలు. నేను మా సంఘంలో లే ప్రీచర్‌ని (ఆర్డినేషన్ లేకుండా వాక్యం చెప్పేదాన్ని), గవర్నమెంటు స్కూల్ టీచర్‌ని. గవర్నర్‌పేట తమ్ముడికి ఒక గట్టి ప్రశ్న వేస్తాను, ఏమీ అనుకోవద్దు.

నువ్వు చెప్పిన పనిలో ఆర్డినేషన్ కావాల్సింది ఏముంది? మంచాన ఉన్నవాళ్ల దగ్గర కూర్చోవడం, కీర్తనలు చదవడం, ప్రార్థన చెయ్యడం, ఇవన్నీ బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరి పని. దోర్నకల్ బిషప్ అజరయ్య గారి సంగతి మీకు తెలిసే ఉంటుంది. తిరునెల్వేలి వైపు నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న మనిషి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్న వాళ్ల చేత, చెయ్యి తల మీద పెట్టించి "నేను సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని పలికించేవారు. కూలి పనికి వెళ్లే ఆడవాళ్ల చేత, పాలేర్ల చేత. సువార్త అప్పట్లో ఊరూరా వెళ్లింది వాళ్ల వల్లే. మనం ఇవాళ కాస్త భక్తి కనిపించగానే "పాస్టర్ అయిపో బాబూ" అంటున్నాం. దాంతో సంఘంలో మిగతా వాళ్లంతా కుర్చీలో కూర్చుని వినేవాళ్లయిపోయారు.

నువ్వు బ్యాంకులో ఉండే ఆ ఇళ్లకు వెళ్లగలవు. అలా వెళ్లేవాళ్లే మాకు తక్కువ. ఆర్డినేషన్ ఎందుకు కావాలో నువ్వే చెప్పు.

పటమట బ్రదర్:
సిస్టర్ మాటకు ఆమేన్. అయ్యగారూ, మీ సాక్ష్యం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. చదువు వద్దని కాదు నా ఉద్దేశం, చదువు లేనివాణ్ని దేవుడు పిలవడని ఎవరూ అనకూడదని.

బి.డి. విద్యార్థి:
నేను హైదరాబాద్‌లో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో రెండో సంవత్సరం. 1964లో రాజమండ్రిలో మొదలైన కాలేజీ, తర్వాత ఇక్కడికి మార్చారు. లూథరన్, సి.ఎస్.ఐ., బాప్టిస్టు, మెథడిస్టు వాళ్లం అందరం ఒకే మెస్సులో తింటాం. డిగ్రీ ఉన్నవాళ్లకు బి.డి. నాలుగేళ్లు. మొదటి ఏడాది గ్రీకు అక్షరాలు దిద్దుతుంటే ఒకటో తరగతికి వెళ్లినట్టుంటుంది, హెబ్రీ అయితే కుడి నుంచి ఎడమకు. ఆదివారం ఒక్కొక్కరిని ఒక్కో సంఘానికి పంపుతారు, అక్కడ వాక్యం చెప్పి, సండే స్కూల్ చూసుకుని సాయంత్రానికి వస్తాం.

బయట నుంచి చూసేవాళ్లకు తెలియనిది ఒకటుంది. ఇక్కడికి వచ్చాక విశ్వాసం ఒకసారి బాగా కదిలిపోతుంది. బైబిల్ గ్రంథాలు ఎవరు, ఎప్పుడు, ఎలా రాశారన్న చర్చలు మొదలైనప్పుడు నాకు నిద్ర పట్టేది కాదు. సీనియర్ ఒకాయన నా గదికి వచ్చి, "ఈ ప్రశ్నలు రేపు నీ సంఘంలో ఇంజనీరింగ్ చదివే పిల్లాడు అడుగుతాడు, వాడి కోసం ఇప్పుడు నువ్వు పడు" అన్నాడు. అప్పటి నుంచి చదవగలుగుతున్నాను.

ఇంకో మాట. బైబిల్ కాలేజీ అని బోర్డు ఉన్న ప్రతి చోటా చేరకండి. కొన్ని చోట్ల నెలల్లో డాక్టరేటు ఇచ్చేస్తున్నారు. మన ప్రాంతీయ సంఘాలు గుర్తించేది సెరంపూర్ సెనేట్ (బెంగాల్‌లోని సెరంపూర్ కాలేజీ తరఫున వేదాంత డిగ్రీలిచ్చే సంస్థ) పట్టాని. 1818లో మిషనరీలు కేరీ, మార్ష్‌మన్, వార్డ్ పెట్టిన సెరంపూర్ కాలేజీకి 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది. ఏ కాలేజీ అయినా ఆ సెనేట్‌కు అనుబంధమా కాదా అన్నది ముందు చూసుకోండి. ఉద్యోగం వదలకుండా ఇంటి నుంచే చదవాలంటే బి.సి.ఎస్. అనే ఎక్స్‌టర్నల్ కోర్సు కూడా సెనేట్ వాళ్లదే. ఆర్డినేషన్‌కు అది బి.డి.తో సమానం కాదు, కానీ నాలుగు పేపర్లు రాస్తే చదువు మీద ప్రేముందో లేదో తెలిసిపోతుంది.

గుంటూరు కోర్టు వీధి:
నేను లాయర్ని. ఎవరూ ఎత్తని రెండు సంగతులు.

స్వతంత్ర సంఘాల్లో సేవ చేయాలనుకునే వాళ్లు 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం చదవండి. బిషప్ చేత ఆర్డినేషన్ పొందిన గురువు తన సంఘ నియమాల ప్రకారం పెళ్లి చేయవచ్చు. మిగతా సేవకులకు రాష్ట్ర ప్రభుత్వం నుంచి లైసెన్సు ఉండాలి. పెద్దలు చేతులుంచారు కదా అని అధికారం లేకుండా పెళ్లి జరిపిస్తే సెక్షన్ 68 కింద పదేళ్ల దాకా జైలు ఉంది. నా దగ్గరకు వచ్చిన ఒక జంటకు వీసా దగ్గర ఈ ఇబ్బంది వచ్చింది, ఆ అమ్మాయి ఏడుపు చూసి రాస్తున్నాను. పటమట బ్రదర్, మీ పెద్దలకు లైసెన్సు ఉందో లేదో దయచేసి కనుక్కోండి.

రెండోది కులం సర్టిఫికెట్. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే. ఎస్సీల నుంచి క్రైస్తవులైన వాళ్లు మన రాష్ట్రంలో బీసీ-సి కిందకు వస్తారు. 2025లో మన హైకోర్టు మన జిల్లా ప్రాంతపు ఒక పాస్టర్ కేసులోనే, మతం మారిన వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం కింద రక్షణ కోరలేడని తీర్పిచ్చింది. ఈ ఉత్తర్వు అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను, గుడి మారితే వివక్ష పోతుందా? కానీ చట్టం ఈ రోజు ఇలా ఉంది. ఆర్డినేషన్ అంటే బహిరంగంగా నిలబడటం. ఇంట్లో ఎవరి ఉద్యోగం, ఎవరి సీటు ఏ సర్టిఫికెట్ మీద ఉందో ముందే కూర్చుని మాట్లాడుకోండి. నాన్నగారి మౌనం వెనుక ఇలాంటి భయమేదైనా ఉందేమో కూడా చూడు తమ్ముడూ.

గుణదల:
మేము కేథలిక్కులం. మా తమ్ముడు సెమినరీలో ఉన్నాడు. మా దగ్గర తత్వశాస్త్రం, వేదాంతం, మధ్యలో ఒక విచారణలో (పారిష్‌లో) పని, అన్నీ కలిపి చాలా ఏళ్లు పడుతుంది, పెళ్లి ఉండదు. వాడు వెళ్లేటప్పుడు అమ్మ అడిగింది, "మధ్యలో తిరిగొస్తే నలుగురూ ఏమంటారు?" అని. రెక్టర్ ఫాదర్ గారు అమ్మతో, "వెనక్కి వచ్చినా ఆ చదువు వృథా కాదమ్మా, పరీక్షించుకోవడానికే ఈ ఏళ్లు" అన్నారు. మీ ఇంట్లో కూడా ఇది చెప్పండి. బోర్డు కాదంటే, మీరే వద్దనుకుంటే, అందులో పరువు పోయేదేమీ లేదు.

గవర్నర్‌పేట వాసి:
అందరికీ కృతజ్ఞతలు. మంగళగిరి మేడమ్ గారి ప్రశ్న నన్ను బాగా ఆలోచింపజేసింది. నిజాయితీగా రాస్తున్నాను.

నేను వెళ్లే ఇళ్లలో ఒక పెద్దావిడ ఉన్నారు. వెళ్లిన ప్రతిసారీ "బల్ల ఎప్పుడిస్తారు బాబూ?" అని అడుగుతారు. బల్ల అంటే పాస్టర్ ఇచ్చే ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షారసం. ఆవిడ గుడికి రాలేరు. మా అయ్యగారి కింద చాలా సంఘాలున్నాయి, ఒక్కో ఆదివారం ఒక్కో ఊరు. ఆవిడకు ప్రభు బల్ల అందడానికి నెలలు పడుతోంది. నేను చదవగలను, పాడగలను, చెయ్యి పట్టుకోగలను. ఆవిడ అడిగేది మాత్రం నేను ఇవ్వలేను. సొంతంగా ఇచ్చేద్దామన్న ఆలోచన నాకు లేదు, అది సంఘం ఒకరి చేతిలో పెట్టవలసిన పని. ఆ పని నా చేతిలో పెట్టమని సంఘాన్ని అడగాలనిపిస్తోంది. స్టేజీ మీద మాట్లాడాలని నాకు అంతగా లేదు.

మంగళగిరి టీచర్:
ఇప్పుడు నాకు అర్థమైంది. ఇదే మాట, ఇలాగే, పాస్టరేట్ కమిటీ ముందు చెప్పు. నేను నీ కోసం ప్రార్థిస్తాను.

ఇది చదువుతున్న ఆడపిల్లలకు కూడా ఒక మాట. మన సి.ఎస్.ఐ.లో 1976 నుంచి స్త్రీలకు ఆర్డినేషన్ ఉంది. 2013లో నంద్యాల డయాసిస్‌కు పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, సి.ఎస్.ఐ. మొత్తంలో మొదటి మహిళా బిషప్. అయినా పల్లెల్లో ఇప్పటికీ "ఆడ అయ్యగారు బల్ల ఇస్తే తీసుకోం" అనే ఇళ్లున్నాయి. నా సండే స్కూల్లో చదివిన అమ్మాయి ఒకతె ఇప్పుడు బి.డి.కి తయారవుతోంది. వాళ్ల నాన్నతో మాట్లాడటానికి వచ్చే ఆదివారం నేను, మా కమిటీ సెక్రటరీ గారు వెళ్తున్నాం. ఇలాంటి పిల్లలకు ఇల్లు ఒప్పుకోవడమే మొదటి బోర్డు.

బ్రాడీపేట అక్క:
తమ్ముడూ, ఆ పెద్దావిడ సంగతి మీ అయ్యగారికి చెప్పావా? నీ పిలుపు తేలేదాకా ఆవిడ ఎదురుచూడకూడదు కదా. ముందు ఆయన్ను బైక్ ఎక్కించుకుని తీసుకెళ్లు.

దివిసీమ అయ్యగారు:
అమ్మ చెప్పింది నిజం. ఈ వారంలోనే తీసుకెళ్లు బాబూ. ప్రార్థన అయ్యాక పక్కనే నిలబడి చూడు, ఆయన రోగితో ఎలా మాట్లాడతారో, ఎంతసేపు ఊరుకుంటారో. బోర్డులో నేను కూర్చున్న రోజుల్లో అభ్యర్థుల ప్రసంగం కంటే, వాళ్ల గురించి ఇలాంటి ఇళ్లవాళ్లు ఏమంటారో ముందు కనుక్కునేవాణ్ని. కొందరు చక్కగా మాట్లాడేవారు, కానీ వాళ్ల వీధిలో మంచాన ఉన్నవాళ్లకు వాళ్ల పేరు కూడా తెలిసేది కాదు.

నాన్నగారి గురించి. ఆయన్ను అయ్యగారి దగ్గరకు నువ్వు తీసుకెళ్లకు, పంచాయితీ పెట్టినట్టుంటుంది. అయ్యగారినే మీ ఇంటికి కాఫీకి పిలువు. చెల్లి పెళ్లి ఖర్చు లెక్క, నీ దగ్గరున్న పొదుపు, బి.డి. ఏళ్లలో ఇల్లు ఎలా నడుస్తుంది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి నాన్నగారి చేతికివ్వు. రైల్వేలో చేసిన మనిషి, కాగితం చూస్తే మాట్లాడతారు. చెల్లి పెళ్లయ్యేదాకా ఆగవలసి వస్తే ఆగు. ఆ లోపు ఎక్స్‌టర్నల్ కోర్సు మొదలుపెట్టుకోవచ్చు.

గవర్నర్‌పేట వాసి:
అయ్యగారిని తీసుకెళ్లాను. ఆవిడ బల్ల తీసుకున్నారు. తిరిగొస్తూ మా అయ్యగారిని అడిగాను, ఆ రోజు నన్నే ఎందుకు పంపారని. "సండే స్కూల్ అయ్యాక పిల్లలందరూ వెళ్లేదాకా గేటు దగ్గర నిలబడేది నువ్వొక్కడివే కదా" అన్నారు. కమిటీ ముందు నా పేరు పెడతానన్నారు, ఎప్పుడో ఇంకా చెప్పలేదు. నాన్నకు కాగితం ఇచ్చాను. చెల్లి పెళ్లి ఖర్చు తక్కువ వేశావని పెన్నుతో దిద్దారు. అంతకుమించి ఏమీ అనలేదు.

నరసరావుపేట నుంచి:
ఈ చర్చంతా చదివాను. నాకు 41. ఎరువుల షాపు ఉంది, లూథరన్ సంఘంలో పెద్దని. ఇదే ఆలోచన నాకు చాలా ఏళ్లుగా ఉంది, పిల్లల చదువులని వాయిదా వేస్తూ వచ్చాను. నా వయసు దాటిపోయిందా?

బ్రాడీపేట అక్క:
అన్నయ్యా, 1842 జులై 31న అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ గారు గుంటూరులో అడుగుపెట్టేటప్పటికి ఆయన వయసు 49. ఆయన అప్పటికే ఆర్డినేషన్ అయిన మనిషి, మీ సంగతి వేరు, అది నిజమే. వయోపరిమితి ఎంతో సంఘ కార్యాలయంలో అడగాలి, అది గుంటూరులోనే ఉంది కాబట్టి సరుకు కోసం వచ్చినప్పుడు ఒక పూట పెట్టుకోండి. ముందు మీ పాస్టర్ గారితో మాట్లాడి ఉత్తరం తీసుకురండి, ఉత్తరం లేకుండా వస్తే మళ్లీ తిప్పుతారు. వదినగారిని కూడా వెంట తీసుకురండి, మా ఇంట్లో భోజనం చేసి వెళ్లొచ్చు. ఆవిడతో నేను మాట్లాడతాను.